కరగని బూట్లు

గురువారం మధ్యాహ్నం. ఊరి అగ్నిమాపక వాలంటీర్ల షెడ్డు ముందు, కార్చిచ్చు జ్ఞాపకంగా పోసి టార్పాలిన్ కప్పిన కంచు పలక దగ్గర శిల్పి రోవీనా, రిటైరైన బడిపంతులు ఐవర్. ఆవిష్కరణ శనివారం.

"...ఒక్క మూల ఎత్తుతాను మాస్టారూ, ఒక్క మూలే. శనివారం దాకా ఎవరికీ చూపించనని కమిటీకి మాటిచ్చాను."

"మాటిచ్చాక మళ్ళీ ఎత్తడమెందుకమ్మా? శనివారమే చూస్తాను."

"అందరితోపాటు చూస్తారా మీరు? నెరీడా గారి భర్త అయ్యుండి? మీకు ముందు చూపించకపోతే నాకు నిద్ర పట్టదు. అటువైపు అంచు పట్టుకోండి. తాడు జాగ్రత్త. ఆ, అంతే... ఇదిగో. ఇవి ఆవిడ అడుగులు."

"ఏవీ... కళ్ళజోడు పెట్టుకోనీ. ఆ. అవును. ఇవే."

"మీరు కాగితం సంచిలో తెచ్చిచ్చిన బూట్లే. మెత్తటి మట్టిలో నొక్కి, దానిమీద పోత పోశాను. అడుగు కొంత కరిగినా ఎడమ మడమ అరుగుదల తెలుస్తోంది చూశారా? సరిచేద్దామా అనుకుని, మళ్ళీ వద్దనుకున్నాను."

"మంచిపని చేశావు. చిన్నప్పుడు గుర్రం మీంచి పడింది తను. ఎడమకాలు కాస్త ఈడ్చేది. వంటింట్లో తిరుగుతుంటే నేను పేపరు చదువుకుంటూ వినేవాణ్ణి. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా."

"చెయ్యి పెట్టి చూడండి. అందుకే ఇలా నేలబారుగా చేశాను. పైన బొమ్మ నిలబెడితే అందరూ మెడ ఎత్తి చూసి వెళ్ళిపోతారు. ఇదైతే పిల్లలు వచ్చి కాళ్ళు పెట్టి చూసుకుంటారు."

"అబ్బ! కాలుతోందే!"

"నడివేసవి, ఫిబ్రవరి ఎండ కదండీ. పక్కనే కుళాయి ఉంది, నీళ్ళు పోస్తానుండండి."

"వద్దు వద్దు. కాలితే కాలనీ... ఆ బూట్లు నాకు అప్పగించినప్పుడు లేసులు చక్కగా ముడేసి ఉన్నాయి రోవీనా. ఎవరో బూడిద తుడిచి, రెండూ జతచేసి, లేసులు ముడేసి సంచిలో పెట్టారు. ఎవరో తెలీదు. ఆ రోజు అంతమంది అంత హడావిడిలో ఉండి కూడా ఒకరికి ఆ పని చెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళయినా ఆ మనిషికి ఒక్క మాట చెప్పుకోలేకపోయాను."

"తొమ్మిదేళ్ళయిందా మాస్టారూ?"

"తొమ్మిది. ఇంకో పది రోజులకి తొమ్మిది నిండుతాయి. ఇవెవరివి? ఈ ముద్దలు?"

"బ్లూయీ గారివి. ఆ పక్కవి ఫెర్గస్‌వి, ఆ చివరవి జోన్ గారివి. బూటు అడుగు మొత్తం కరిగిపోయింది కదా, ఒక్క గీత మిగల్లేదు. మట్టిలో నొక్కితే రొట్టె పెనం నొక్కినట్టు పడింది. మొదట్లో భయపడ్డాను, ఇదేం అచ్చు, కమిటీ ఒప్పుకోదని. తర్వాత అర్థమైంది, కరగడమే కదా ఇక్కడ కథ."

"ఫైరు బండి టైర్లు అంటుకుంటే ఆర్పడానికి దిగారు ముగ్గురూ. పావుగంట. మంట అటు దాటిపోయాకే దిగారు, అయినా నేలంతా నిప్పే. బ్లూయీ రెండు వారాలు చేతికర్రతో నడిచాడు. ఎలా ఉందిరా అంటే, 'డాన్సు నేర్చుకుంటున్నా సార్' అనేవాడు. వెధవ."

"మీ స్టూడెంటా?"

"ఈ ఊళ్ళో సగం మంది నా స్టూడెంట్లే. లెక్కల్లో సున్నా వాడు. మిగతావాటిల్లో బంగారం."

"ఇప్పుడు అసలైంది చూడండి. ఇంకొంచెం ఎత్తనా? ఎత్తేస్తాను, కమిటీ తిట్టుకుంటే తిట్టుకోనీ. ఇవి కెప్టెన్ గారి అడుగులు. అందరివీ బండి చుట్టూ ఉన్నాయి కదా, ఈయనవి మాత్రం బండి దగ్గర మొదలై, ఇలా... ఇలా... ఒంటరిగా నెరీడా గారి వైపు. పలకంతా ఈ ఒక్క వరస మీదే నిలబడింది. పైగా అచ్చు ఎంత బాగా పడిందో చూడండి! ప్రతి గీతా కనిపిస్తోంది. సైజు నంబరు కూడా చదవొచ్చు, పది."

"పది."

"అన్నిట్లోకీ ఇదే బాగా వచ్చింది. మాస్టారూ? కూర్చుంటారా? ఎండ తగిలిందా?"

"ఇవి క్లెమ్‌వా?"

"అవునండీ."

"ఆ రోజు వేసుకున్నవేనా? తర్వాత కొన్న జత కాదు కదా?"

"కాదు కాదు. ఆయన భార్య డల్సీ గారే స్వయంగా తెచ్చిచ్చారు. ఆయన్ని నేను రెండుసార్లు అడిగాను, వెతుకుతా వెతుకుతా అన్నారు. ఆఖరికి ఆవిడే ఒక రేకు డబ్బాతో వచ్చారు. ఆయన ఆ రోజు రాగానే బూట్లు విప్పి అందులో పడేసి మూతపెట్టేశారట, మళ్ళీ ముట్టుకోలేదట. లోపల మార్కరుతో పేరు కూడా ఉంది."

"ఆ చేతిరాత గుండ్రంగా ఉందా?"

"అవును, 'క్లెమ్' అని, కింద చిన్న గీత. మీకెలా తెలుసు?"

"నెరీడా రాసింది. ఆ ముందు డిసెంబరులో ఐదుగురికీ కొత్త బూట్లొచ్చాయి. ఒకే పెట్టె, ఒకే రకం. మా వంటింటి బల్ల మీద పెట్టుకుని పేర్లన్నీ తనే రాసింది."

"మాస్టారూ... నేనేమైనా తప్పు చేశానా?"

"నువ్వేం తప్పు చేశావమ్మా. ఉన్నదున్నట్టు పోత పోశావు."

"ఓహోహో! దొంగలు దొరికారు! కమిటీ ప్రెసిడెంటుకి ఇప్పుడే ఫోన్ చేస్తా. ఏవయ్యా ఐవర్, పిల్లలకి ఓపిక గురించి పాఠాలు చెప్పి చెప్పి నువ్వు చేసే పని ఇదా?"

"రా క్లెమ్. నీ గురించే అనుకుంటున్నాం."

"మంచేనా? కప్పెయ్యమ్మా రోవీనా, కప్పెయ్. ఈ ఊళ్ళో కిటికీలకి కళ్ళు ఎక్కువ."

"కప్పేస్తున్నాను కెప్టెన్ గారూ. మీ అడుగులే మాస్టారికి చూపిస్తున్నా—"

"అమ్మా రోవీనా, హాల్లో డల్సీ టీ పెట్టినట్టుంది. కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు కూడా చేసిందట. బ్లూయీ రాకముందే వెళ్ళు, వాడొస్తే నీకు కొబ్బరిపొడి కూడా మిగల్చడు."

"మీరు రారా మాస్టారూ?"

"వస్తాను. క్లెమ్‌తో చిన్న పనుంది. నువ్వు వెళ్ళు తల్లీ."

"మంచి పిల్ల. కాస్త ఎక్కువ మాట్లాడుతుందనుకో. సరే, విను. కుర్చీలు నూటయాభై వస్తున్నాయి. సాసేజ్‌లు రెండొందలు చెప్పాను. మంత్రిగారు రారట, ఎవరో సెక్రటరీని పంపిస్తారట. పీడా వదిలింది, ప్రసంగం అరగంట తగ్గుతుంది. ఉల్లిపాయలు తరిగే డ్యూటీ మాత్రం నీదే."

"క్లెమ్—"

"నువ్వయితే కళ్ళజోడు పెట్టుకుంటావు, ఏడవవు. ఫెర్గస్‌కి ఇస్తే చూడు, గ్రౌండంతా—"

"క్లెమ్, నా ప్రసంగం గురించి."

"రెండు నిమిషాలు చాలు. ఎండలో జనం నిలబడలేరు. ఇదిగో, నా గురించి మరీ ఎక్కువ రాయకు, ముందే చెప్తున్నా."

"నీ గురించి ఒక్క వాక్యమే రాశాను. 'క్లెమ్ ఆమె కోసం వెనక్కి వెళ్ళాడు.' అంతే. ఆ వాక్యం చదవనా, వద్దా? నువ్వే చెప్పు."

"అదేం ప్రశ్నయ్యా?"

"ఆ మూల ఎత్తు. నీ అడుగులు చూడు."

"ఇప్పుడెందుకు? శనివారం—"

"ఎత్తు."

"సరే, సరే. పంతులు బుద్ధి పోనిచ్చుకోవు కదా. ఏదీ? ఏముంది ఇక్కడ? బ్లూయీవి... ఇవి నావా? ఇవి... ఇవి ఎక్కడివి?"

"రేకు డబ్బాలోవి."

"డల్సీ తీసిందా? ఎవరు తియ్యమన్నారు దాన్ని! నేను వేరే జత ఇస్తానని చెప్పానా లేదా? చెప్పానా లేదా!"

"నువ్వు మర్చిపోయావనుకుని పాపం తనే తెచ్చింది. మొగుడికి మంచి పేరొస్తుందని."

"అవి కొత్తవిలే. అప్పుడే ఇచ్చారు. కొత్త బూట్లు కదా, కొంచెం..."

"ఐదుగురికీ ఒకే రోజు ఇచ్చారు. బ్లూయీవి కూడా కొత్తవే."

"నేను తడుపుకున్నాను. అవును, నీళ్ళు పోసుకుని బయల్దేరాను. అందుకని—"

"క్లెమ్. ముప్ఫైనాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. లెక్క చెయ్యకుండా జవాబు మాత్రం రాసుకొచ్చిన పిల్లాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కూర్చో. ఈ మెట్టు మీద నీడ ఉంది, కూర్చో."

"నిలబడతాలే."

"పావుగంట నిలబడ్డ వాళ్ళ బూట్లు కరిగి ముద్దయ్యాయి. నువ్వు నెరీడా ఉన్న హెండ్రీ వాళ్ళ గేటు దాకా నడిచానన్నావు. ఒకటిన్నర కిలోమీటరు, మళ్ళీ వెనక్కి ఒకటిన్నర. దారికి అడ్డంగా చెట్లు పడ్డాయని, వాటి మీంచి ఎక్కి దిగానని చెప్పావు. ఎంత దూరం వెళ్ళావు?"

"ఐవర్, ఇప్పుడు తొమ్మిదేళ్ళయ్యాక—"

"ఎంత దూరం?"

"మలుపు దాకా."

"మలుపు బండికి ఇరవై అడుగులు."

"అక్కడ కల్వర్టు ఉంది కదా. దాని కింద నీళ్ళున్నాయి. ఎక్కువేం లేవు, చీలమండ దాకా. ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుందామని దిగాను. ఒక్క నిమిషం అనుకున్నాను. దిగాక కాళ్ళు కదల్లేదు. దేవుడి మీద ఒట్టు ఐవర్, కదల్లేదు. లే, లే అని నన్ను నేనే తిట్టుకున్నాను. పైకి అరిచాను కూడా."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"వీళ్ళకి కనబడలేదా?"

"పొగ. చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. తిరిగి వెళ్ళేసరికి బ్లూయీ నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. 'వెళ్ళొచ్చావా కెప్టెన్, వెళ్ళొచ్చావా' అని. వాడే అన్నాడు ఆ మాట. నేను అనలేదు. వాడంటే... నేను తల ఊపాను."

"తల ఊపావు."

"అంతే చేశాను. తల ఊపాను."

"కానీ నాతో తల ఊపి ఊరుకోలేదు కదా. నాకు మాటల్లో చెప్పావు. 'నేను చేరేసరికే పోయింది, పొగకే పోయింది, నొప్పి తెలీలేదు, మొహం ప్రశాంతంగా ఉంది' అన్నావు. తన టోపీ కింద పడి ఉంటే తీసి పక్కన పెట్టానన్నావు. ఆ టోపీ ఎందుకు చెప్పావు క్లెమ్? దాన్నెవరూ అడగలేదే."

"నువ్వడిగావు! మైదానంలో ఆ బస్సు దిగి, ముసలాళ్ళందరినీ వదిలేసి నా దగ్గరికొచ్చి, నా చొక్కా పట్టుకుని అడిగావు, బాధపడిందా అని. ఏం చెప్పమంటావు?"

"తెలీదని చెప్పాల్సింది."

"తెలీదంటే బతికేవాడివా నువ్వు? నీ మొహం నువ్వు చూసుకోలేదు ఆ రోజు. నేను చూశాను."

"నిజమే. బతికేవాణ్ణి కాదేమో. తొమ్మిదేళ్ళు ఆ మాటే కప్పుకుని పడుకున్నాను. మొహం ప్రశాంతంగా ఉంది, టోపీ పక్కన ఉంది. వెళ్ళి చూసినవాడు ఒకడున్నాడు, తను ఒంటరిగా లేదు. అన్నం సహించని రోజుల్లో అదే తిన్నాను."

"మరి? మంచే జరిగింది కదా. కదా?"

"ఇందాకటి దాకా మంచే జరిగింది."

"అబద్ధమే కానీ నీ కోసం చెప్పాను ఐవర్. నా కోసం కాదు."

"ఊరు నిన్ను భుజాల మీద ఎక్కించుకున్నప్పుడు దిగలేదుగా."

"దిగనిచ్చారా? దిగనిచ్చారా నన్ను? ఎక్కడికెళ్ళినా అదే. బీరు తాగుదామని వెళ్తే డబ్బులు తీసుకోరు. బడికెళ్తే పిల్లలు లేచి నిలబడతారు. నిన్ను చూసినప్పుడల్లా... ప్రతి జూన్‌లో చలి మొదలవగానే నీకు కట్టెలు తెచ్చిందెవరు? కొట్టి, చీల్చి, వరండాలో వరసగా పేర్చిందెవరు?"

"నువ్వే. చిన్న పుల్లలు విడిగా కట్టకట్టి మరీ పెట్టేవాడివి, నా చేతులకి గొడ్డలి బరువని. వాటితోనే చలి కాచుకున్నాను. ఎంత మంచివాడు అనుకునేవాణ్ణి. దీని కోసమేనా అదంతా?"

"కాదు. దీని కోసం కాదు... కొంత దీని కోసమే."

"ఊఁ."

"శనివారం అయిపోనీ ఐవర్. నిన్ను బతిమాలుకుంటున్నా. ఊళ్ళోవాళ్ళు ఆ రోజు గురించి ఇన్నాళ్ళకి తలెత్తి మాట్లాడుకోబోతున్నారు. జోన్ మనవరాలు పాట నేర్చుకుంది. ఆ వాక్యం చదువు, లేదా చదవకు, నీ ఇష్టం. సోమవారం కెప్టెన్సీ వదిలేస్తాను. వెన్ను నొప్పి అని చెప్తాను."

"మళ్ళీ ఇంకో కథా?"

"మరేం చెయ్యను!"

"అరవకు. రోవీనా వింటుంది. ఆ పిల్ల ఏడాదిన్నర కష్టపడింది దీని మీద... చూడు, ఆ రోజు మంట అడ్డం రాగానే నెరీడా దగ్గరికి వెళ్ళకుండా నువ్వు బండి తిప్పేశావు. వెనక ముగ్గురున్నారు. తిప్పకపోతే నలుగురూ పోయేవాళ్ళు. అది సరైన పనే. నెరీడా డ్రైవరు సీట్లో ఉన్నా అదే చేసేది. దానికి నేను ఒక్కరోజు కూడా నిన్ను తప్పుపట్టలేదు."

"తెలుసు. తెలుసు నాకు."

"తర్వాత భయపడ్డావు. అదీ అర్థం చేసుకోగలను. ఆ రోజు నేను చేసిందల్లా పద్నాలుగు మంది ముసలివాళ్ళని బస్సెక్కించి మైదానానికి చేర్చడం. నీ ధైర్యం కొలిచేటంత వాణ్ణి కాను. నాకు అంతుబట్టనిది ఒకటే. ఇన్నాళ్ళూ ఎవర్నీ అడగలేదు. అడిగితే తనని తక్కువ చేసినట్టవుతుందని."

"ఏంటది?"

"తను ఆ గేటు పక్క గడ్డి షెడ్డు దగ్గర రాలిన నిప్పురవ్వలు ఆర్పడానికి బండి దిగింది. ఆ గేటు నుంచి హెండ్రీ వాళ్ళ ఆవుల గుంట ఎంత దూరం?"

"నాకెలా తెలుసు? వంద..."

"నూటపది అడుగులు. నేను కొలిచాను. గుంట నిండా నీళ్ళున్నాయి ఆ రోజు. నీళ్ళలోకి దిగి దుప్పటి కప్పుకుంటే మనిషి బతుకుతాడు. ప్రతి ఏడూ అక్టోబరులో, ఎండాకాలం ముందు, కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేదే నెరీడా. ఇరవై రెండేళ్ళ అనుభవం. అలాంటి మనిషి గేటు దగ్గరే ఎందుకు నిలబడిపోయింది? గేటు మీద చెయ్యి వేసి ఉందట, తర్వాత అక్కడికి వెళ్ళిన రెండో బండివాళ్ళు చెప్పారు. రోడ్డు వైపు తిరిగి ఉందట. బస్సు కోసం చూస్తున్నట్టు. ఎందుకు క్లెమ్?"

"వదిలెయ్ ఐవర్."

"బెదిరిపోయిందా? తను బెదిరిపోయే మనిషా?"

"వదిలెయ్. వదిలెయ్యమంటున్నానా."

"తన దగ్గర చేతి రేడియో ఉంది."

"విచారణలో చెప్పాను కదా. ఆ లోయలో పలకదని చెప్పాను. పలకలేదు."

"కల్వర్టు దగ్గర కూర్చున్నవాడు గేటు దాకా వెళ్ళానన్నాడు. పలకలేదన్న మాట ఎలా నమ్మను?"

"ఈగలు... ఛీ, ఈ ఈగలు..."

"పలికిందా?"

"పలికింది."

"ఎవరు విన్నారు?"

"నేనొక్కణ్ణే. ముందు సీట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. వీళ్ళు ముగ్గురూ వెనక డెక్కు మీద దుప్పట్ల కింద ఉన్నారు. గాలి హోరు. ఆ లోయలోంచి మన బండికి తప్ప ఇంకెవరికీ అందదు."

"ఎప్పుడు?"

"బండి తిప్పకముందు. రెండు నిమిషాల ముందు."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"బండి తిప్పాక నువ్వు మళ్ళీ పిలిచావా తనని?"

"లేదు."

"ఎందుకు?"

"స్టీరింగు... రెండు చేతులూ స్టీరింగు మీద... పిలిచి ఏం చెప్పను? ఏమని చెప్పను?"

"గొంతు ఎలా ఉంది? భయపడిందా?"

"లేదు. లేదు, అది మాత్రం నిజం. మామూలుగా ఉంది. నీకు కొట్లో ఏం తేవాలో చెప్పేటప్పుడు ఎలా ఉంటుంది, అలా."

"ఏమంది?"

"ఐవర్..."

"తన ఆఖరి మాటలు తొమ్మిదేళ్ళు నీ దగ్గర పెట్టుకున్నావు. అవి నావి. ఇచ్చెయ్. ఏమంది?"

"'గాలి తిరిగింది క్లెమ్. నేను గేటు దగ్గరున్నాను. నువ్వొస్తున్నావా, గుంటలోకి పొమ్మంటావా?' అంది."

"నువ్వేమన్నావు?"

"అప్పటికి నేను రావాలనే అనుకున్నానయ్యా. నిజంగా అనుకున్నాను. మంట రోడ్డు దాటడం ఆ తర్వాత చూశాను."

"ఏమన్నావు క్లెమ్?"

"'వస్తున్నా నెరీడా. గేటు దగ్గరే ఉండు, కదలకు' అన్నాను."